తడి బల్బు గుడ్డ

నాకు అనుమానం ఎక్కువ. దాచుకునే విషయం కాదు, దాచినా దాగదు. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కత్తెర పెట్టను. గ్యాస్ సిలిండర్ వస్తే సీలు చూస్తాను, కాస్త ఊపి చూస్తాను, తెచ్చిన మనిషి ముఖం కూడా ఒకసారి చూస్తాను. "నువ్వు పోలీసుల్ల ఉండవలసిందానివి, తప్పిపోయి మా ఇంటికొచ్చినవ్" అంటాడు మా ఆయన. వేంసూరులో మా పుట్టింట్లో అందరం ఇంతే. మా తాత కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్నాడు. కొత్త చోట ఎవరిని నమ్మాలో తెలియక, రోజూ పొద్దున్నే లేచి గట్టు రాళ్ళు ఎక్కడివి అక్కడే ఉన్నాయా అని చూసి వచ్చేవాడట. ఆయన తర్వాత మా నాన్న చూశాడు. నాకు గట్టు రాళ్ళు లేవు కాబట్టి మిగతావన్నీ చూస్తాను.

మా అత్తగారి ఊరు టేకులపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. మా ఆయనకు పాల్వంచలో కరెంటు ప్లాంటులో షిఫ్టు పని. అక్కడే గది తీసుకుని ఉంటాడు, వారానికి ఒకసారి వస్తాడు. ఇంటి వెనక ఎకరన్నర మల్బరీ తోట, దాని పక్కన రేకుల షెడ్డు, అందులో పట్టుపురుగులు. అదంతా నాది. కాగితం మీద ఎవరి పేరుందో వేరే సంగతి, పని నాది. ఇంట్లో నేను చెప్తే టీవీ సౌండ్ కూడా తగ్గదు. షెడ్డులో మాత్రం నేను ఒక కిటికీ మూయమంటే మూతపడుతుంది. అందుకే ఆ షెడ్డంటే నాకంత ఇష్టం.

పోయిన ఏడాది రెండు బ్యాచ్‌లు సరిగా రాలేదు. మూడో బ్యాచ్ మాఘమాసంలో పెట్టాం. పురుగులు వచ్చే ముందు ఆదివారం మా ఆయన తోటలోకి వెళ్ళి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు.

"ఈసారి గూడ గిట్లనే అయితే మల్బరీ పీకేద్దాం. పామాయిల్ మొక్కలకు చెప్పి ఉంచిన. నీకు గూడ ఈ కష్టం తప్పుతది."

కష్టం తప్పుతుందన్న మాట నాకు గుచ్చుకుంది. పామాయిల్ తోటలో నేను చేసేదేముంటుంది? గెలలు కోసేవాళ్ళు వస్తారు, కోస్తారు, ట్రాక్టర్ ఎక్కిస్తారు. నేను వాకిట్లో నిలబడి చూడాలి. ఈ బ్యాచ్ ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఆ క్షణమే అనుకున్నాను.

పట్టుపురుగుకు ఆకు ఎంత ముఖ్యమో గాలి అంత ముఖ్యం. గాలిలో తేమ ఎక్కువైతే రోగాలు పట్టుకుంటాయి, తక్కువైతే వేసిన ఆకు గంటలో వాడిపోయి పురుగు తినదు. ఆ తేమ కొలవడానికి షెడ్డులో నడి స్తంభానికి ఒక థర్మామీటరు ఉంది. నిజానికి అది ఒకటి కాదు, ఒకే చెక్క మీద పక్కపక్కనే రెండు. ఒకదాని కింది గుండు ఊరికే ఉంటుంది, అది పొడి బల్బు. రెండోదాని గుండుకు తెల్లని నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను కింద చిన్న సీసాలోని నీళ్ళలో వదులుతారు. అది తడి బల్బు. గాలి పొడిగా ఉంటే గుడ్డలో తడి త్వరగా ఆరుతూ గుండును చల్లబరుస్తుంది, రెండిటికీ తేడా బాగా కనపడుతుంది. గాలి తడిగా ఉంటే ఆరదు, రెండూ దగ్గర దగ్గరగా చూపిస్తాయి. ఆ తేడాను బట్టి తేమ ఎంతో గోడ మీది చార్టులో చూసుకోవాలి. పట్టు పరిశ్రమ ఆఫీసు నుంచి వచ్చే సారు నాకిదంతా ఓపికగా నేర్పించాడు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ సీసాలో బోరు నీళ్ళు పోయొద్దు, బ్యాటరీలో పోసే నీళ్ళు కొనుక్కొచ్చి పోయండి, గుడ్డ వారానికోసారి మార్చండి అని. నేను తల ఊపాను. ఆయన బండి మలుపు తిరిగాక నా బుర్ర తన పని తాను మొదలుపెట్టింది. వేలెడు సీసాకు బ్యాటరీ నీళ్ళెందుకు? కొత్తగూడెంలో ఏ దుకాణం వాడో ఈయనకు చుట్టమై ఉంటాడు. అలా అనుకుని బోరు నీళ్ళే పోశాను. గుడ్డ చిరగలేదు కాబట్టి మార్చలేదు కూడా.

మా బోరు నీళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. వాటితో కందిపప్పు ఉడకదు. ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ గింజగానే ఉంటుంది. అందుకని మా ఊళ్ళో ప్రతి ఇంట్లో పప్పుకు వేరే బిందె ఉంటుంది, అందులో వాగు నీళ్ళు తెచ్చుకుంటాం. చల్లటి నీళ్ళకు పెట్టుకునే మట్టికుండ, రంజన్ అంటారు, అదీ అంతే. బోరు నీళ్ళు పోస్తే ఏడాది తిరిగేసరికి మట్టికి బయటి వైపు తెల్లగా సున్నం కట్టేస్తుంది, ఆ తర్వాత అది చెమర్చదు, నీళ్ళు చల్లబడవు. ప్రతి ఏడూ శివరాత్రి ముందు సంతలో కొత్త రంజన్ కొంటాం. ఇదంతా నాకు పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు నేర్పింది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. తడి బల్బు దగ్గరకు వచ్చేసరికి ఇందులో ఒక్కటీ నాకు తట్టలేదు.

షెడ్డులో నాతో పాటు పని చేయడానికి రెండు కిలోమీటర్ల అవతల గూడెం నుంచి ఒకామె వచ్చేది. నాకంటే పదేళ్ళు చిన్న. ఆకు కోసినా, పురుగుల కింద చెత్త తీసినా ఆమె చెయ్యి పడితే ఒక్క పురుగు నలిగేది కాదు. ఆమె పని నాకు నచ్చేది, ఆమె మౌనం నచ్చేది కాదు. నేను పది మాటలు మాట్లాడితే ఆమె "అవ్ అక్కా" అనేది. ఫోన్ వస్తే మాత్రం వాళ్ళ భాషలో గలగలా మాట్లాడేది, నవ్వేది. ఆ మాటల మధ్యలో ఎక్కడైనా "అక్క" అని వినపడితే చాలు, నా గురించేనని నా చెవులు నిక్కబొడుచుకునేవి. వాళ్ళ అక్క కూడా అదే గూడెంలో ఉంటుందని తెలిసీ అలాగే అనుకునేదాన్ని.

పురుగులు వచ్చాయి. పురుగు పెరిగేటప్పుడు నాలుగు సార్లు తిండి మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం వదులుతుంది. దాన్ని మేం జ్వరం అంటాం. రెండు జ్వరాలు అయిన పురుగులను మాకు తెచ్చి ఇస్తారు, మిగతా రెండూ మా షెడ్డులో గడుస్తాయి. మొదటి వారం బాగానే నడిచింది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాం, ఆకు ఆకులా ఉంది, మూడో జ్వరం అన్నీ కలిసి ఒకేసారి లేచాయి. ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి కాస్త గొప్పలు పోయాను.

తర్వాత థర్మామీటరు నన్ను భయపెట్టడం మొదలుపెట్టింది. పొడి బల్బు ముప్పై, తడి బల్బు ఇరవై ఏడు. మర్నాడు ఇరవై ఎనిమిది. ఆ పై రోజు ఇరవై ఎనిమిదిన్నర. చార్టులో చూస్తే తేమ దాదాపు తొంభై. పోయిన బ్యాచ్ తేమ వల్లే పోయిందని సారు చెప్పిన మాట గుర్తొచ్చింది. గోనెపట్టాలు విప్పేయించాను. కిటికీలు బార్లా తెరిపించాను. పురుగుల మీద సున్నం పొడి జల్లించాను, తడి పీల్చుకుంటుందని.

ఆమె సున్నం జల్లెడ పట్టుకుని నిలబడి, వేసిన ఆకును రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"అక్కా, ఆకు జల్ది వాడుతుంది. గాలి ఎండిపోయింది."

"అక్కడ చూడు" అని స్తంభం చూపించాను. "తొంభై ఉంది."

"ఏమో అక్కా. ఇయ్యాల రంజన్ల నీళ్ళు పండ్లు జివ్వుమనేటట్టున్నయ్. గాలి తడి ఉంటే గట్ల సల్లబడతయా?"

సంతలో కొత్తగా కొన్న రంజన్ అది. పొద్దున నేనూ తాగాను, నాకూ పళ్ళు జివ్వుమన్నాయి. కానీ గాజు గొట్టంలో పాదరసం ఒక మాట చెప్తుంటే మట్టికుండ మాట ఎవరు వింటారు? "నువ్వు సున్నం జల్లు" అన్నాను. ఆమె జల్లింది.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి పడమటి కిటికీకి ఒక గోనెపట్టా వేలాడుతోంది. నీళ్ళు కారుతున్నాయి. నేను కట్టొద్దని విప్పించిన పట్టా. ఎవరు కట్టారని అడిగితే, "నేనే అక్కా, ఎండ లోపలికి సొరవడుతుంది" అంది. చూపు పురుగుల మీదే ఉంది, నా వైపు తిప్పలేదు. నాకు ఒళ్ళు మండింది, తిట్టి పట్టా విప్పించాను. అంతకంటే ఎక్కువగా, అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది. తేమ ఇలా పెరగడానికి కారణం ఇదేనేమో. నేను లేనప్పుడల్లా ఈమె ఇలా తడుపుతోందేమో. ఎందుకు తడుపుతుంది? పోయిన నెల పక్క ఊళ్ళో ఇంకో షెడ్డు కట్టారు. అక్కడికి ఆమెను పిలుస్తున్నారని ఎవరో అన్నారు. నా బ్యాచ్ పోతే ఆమెకు అక్కడికి వెళ్ళడానికి దారి దొరుకుతుంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. పేర్చినకొద్దీ చక్కగా నిలబడింది కూడా.

ఆ సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక నా గోళ్ళరంగు సీసా తెచ్చి, థర్మామీటరు కింది నీళ్ళ సీసా మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ సన్నగా ఎర్ర గీత గీశాను. రాత్రి ఎవరైనా తెరిస్తే తెలుస్తుందని తలుపు గొళ్ళేనికి ఒక దారప్పోగు కట్టాను. చేస్తున్నంతసేపూ నాకు సిగ్గేమీ వెయ్యలేదు, పైగా మా తాత చూస్తే మెచ్చుకునేవాడనిపించింది.

రెండో రోజు పొద్దున దారం తెగలేదని చూసుకుని, తలుపు తీసి, తోటలో ఆకు కోసి పదింటికి షెడ్డుకు వచ్చాను. చెప్పులు విప్పి, గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ ట్రేలో కాళ్ళు ముంచి, లోపలికి వెళ్ళి నేరుగా స్తంభం దగ్గరకు పోయాను. పొడి బల్బు ముప్పై. తడి బల్బు ఇరవై మూడు. ముందురోజు సాయంత్రం ఇరవై ఎనిమిదిన్నర ఉన్నది. సీసాలో నీళ్ళు ఎర్ర గీతకు పైన వేలి మందం ఎక్కువ. గుడ్డ కూడా నాది కాదు. నాది పసుపు తిరిగి ఉండేది, ఇది మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆ పక్క అలమరలో గుడ్డ చిరిగితే బల్బుకు చుట్టడానికని నేను మడిచి దాచిన మా ఆయన పాత పంచె ముక్క కనిపించలేదు.

ఆమె చివరి వరసలో చెత్త తీస్తోంది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే అక్కా" అని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ గుడ్డ కట్టెలెక్క బిగుసుకపోయింది. నీళ్ళు పైకి గుంజుతలేదు. అందుకని మార్చిన. వాగు నీళ్ళు తెచ్చి పోసిన."

"నన్నడగకుండా?"

"చెప్పిన గదక్కా మొన్న. నువ్వు ఇనలే." స్తంభం వైపు చూపిస్తూ మళ్ళీ అంది. "పాత రంజన్ సల్లబడతదా అక్కా? సున్నం పట్టినంక చెమ్మ బయటికి రాదు. ఈ గుడ్డ గూడ గంతే."

ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం రెండేళ్ళలో అదే మొదలు. వినవలసిన చోట నేను వినలేదు. ఇంత మాట్లాడుతోందంటే ముందే అనుకుని వచ్చిందనుకున్నాను. గోనెపట్టా కట్టినందుకు తిట్టాను కదా, ఇప్పుడు గాలి పొడిగా ఉందని నిరూపించడానికి మీటరునే మార్చేసిందనుకున్నాను.

"పంచె ముక్క ఏదీ?" అన్నాను.

"ఈడనే ఉంది..."

"ఎక్కడ? చూపించు సంచి."

ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఆమె నన్ను ఒక్కసారి చూసింది. గుమ్మం అవతల కొక్కేనికి వేలాడుతున్న తన సంచి తీసి, నా ముందు నేల మీద బోర్లించింది. ఒక టిఫిన్ డబ్బా, ఒక దువ్వెన, ఫోన్ ఛార్జర్, రెండు చింతకాయలు. పంచె ముక్క లేదు. లేకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. ముందే ఇంటికి చేరవేసి ఉంటుందనుకున్నాను.

"రేపటి నుంచి రావొద్దు" అన్నాను.

ఆమె ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుంది. చింతకాయలు మాత్రం అక్కడే వదిలేసింది. అవి నాకోసం తెచ్చినవని నాకు తర్వాత తెలిసింది, అప్పుడు తెలియలేదు. అవ్ అని కూడా అనకుండా వెళ్ళిపోయింది.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ నాలుక తడబడుతుంది. ఆమె కట్టిన తెల్ల గుడ్డ విప్పి పారేశాను. చెత్తబుట్టలో వెతికి నా పాత గుడ్డ తీసి, నీళ్ళతో తడిపి, మళ్ళీ బల్బుకు చుట్టాను. సీసాలో వాగు నీళ్ళు ఒంపేసి బోరు నీళ్ళు ఎర్ర గీత దాకా పోశాను. మధ్యాహ్నానికి తడి బల్బు మళ్ళీ ఇరవై ఎనిమిదికి వచ్చింది. అది చూసి నాకు హాయిగా అనిపించింది. నా అనుమానం నిజమైందని మనసారా సంతోషించాను.

సాయంత్రం మా ఆయన ఫోన్‌లో, "ఆమెనెందుకు పంపించినవ్? నీకు మళ్ళ గసుంటి మనిషి దొరుకుతదా?" అన్నాడు. "నీకు తెలియదులే" అన్నాను.

నాలుగు రోజులు ఒక్కదాన్నే చేశాను. ఆకు కోయడం, మోయడం, వేయడం, సున్నం జల్లడం. మీటరు ఇరవై ఎనిమిదిన్నర దగ్గర కదలకుండా ఉంది, నేను ఇంకో కిటికీ తెరిచాను. వేసిన ఆకు అరగంటలో అప్పడంలా చుట్టుకుపోతోంది. పురుగులు దాని మీదికెక్కి, తల అటూ ఇటూ తిప్పి, దిగిపోతున్నాయి. నాలుగో జ్వరం వచ్చింది కానీ అన్నిటికీ ఒకేసారి రాలేదు. సగం పడుకున్నాయి, సగం ఆకలితో తిరుగుతున్నాయి. కొన్ని చర్మం సగం వదిలి అక్కడే ఆగిపోయాయి. ఆ పురుగులను చూస్తే నాకు ఏడుపొచ్చింది. తొంభై తేమలో ఆకు ఎలా ఎండుతుంది అన్న ప్రశ్న అప్పటికైనా రావాలి కదా. వచ్చింది కూడా. దానికి నా బుర్ర, ఆమె ఆకు మీద ఏమైనా చల్లి వెళ్ళిందేమోనని జవాబు చెప్పింది. అలా అనుకున్నాక నాకే నా మీద భయం వేసింది. సారుకు ఫోన్ చేశాను.

ఆయన మర్నాడు పదకొండింటికి బండి మీద వచ్చాడు. లోపలికి అడుగు పెడుతూనే, "ఇంత పొడిగా పెట్టారేంటమ్మా?" అన్నాడు. నేను స్తంభం చూపించాను. ఆయన మీటరు చూశాడు, చార్టు చూశాడు, కనుబొమలు ముడిచాడు. సంచిలోంచి ఒక పరికరం తీశాడు. పిల్లలు జాతరలో కొనుక్కుని గిరగిరా తిప్పే గిలకలా ఉంది, అందులోనూ రెండు థర్మామీటర్లున్నాయి. గుడ్డను తన నీళ్ళతో తడిపి, చెయ్యి చాపి కాసేపు తిప్పి, నాకు చూపించాడు. పొడి ముప్పై ఒకటి. తడి ఇరవై రెండు. చార్టు మీద ఆయన వేలు ఆగిన చోట సగం తేమ కూడా లేదు.

తర్వాత స్తంభం దగ్గరకు వెళ్ళి నా గుడ్డను రెండు వేళ్ళతో నలిపాడు. అది పటపటలాడింది. ఆయన వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుంది.

"బోరు నీళ్ళేనా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"సున్నం పేరుకుపోయిందమ్మా. ఈ గుడ్డలోంచి నీళ్ళు పైకి ఎక్కట్లేదు. అందుకని తడి బల్బు కూడా పొడి బల్బులాగే చూపిస్తోంది. మీరేమో తేమ ఎక్కువనుకుని షెడ్డంతా ఆరబెట్టారు."

ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు. నాకు మాత్రం పాత రంజన్ సల్లబడతదా అక్కా అన్న మాటే వినపడుతోంది. ఇరవై రెండు రంజన్లు మార్చిన దాన్ని. పప్పు బిందె ఏ రోజూ కలపని దాన్ని. ఆమె రెండు వాక్యాల్లో విడమరిచి చెప్తే, సంచి చూపించమన్నాను.

వెంటనే పట్టాలు తడిపి కట్టమని సారు చెప్పి వెళ్ళిపోయాడు. మూలన మడిచి పెట్టిన గోనెపట్టాల దొంతర లాగాను. మడతలోంచి ఒక ప్లాస్టిక్ కవరు జారి కింద పడింది. విప్పి చూస్తే మా ఆయన పంచె ముక్క. దాంట్లోంచి కత్తిరించిన మూడు గుడ్డ పేలికలు, మూడూ ఒకే పొడుగు, ఉడకబెట్టి ఆరవేసినవి, ఒక్కోదాని కొసకు కట్టుకోవడానికి దారం కూడా కుట్టి ఉంది. వారానికొకటి చొప్పున బ్యాచ్ అయ్యేదాకా సరిపోతాయి. మిగిలిన ముక్క నేను మడిచినట్టే నాలుగు మడతలు పెట్టి ఉంది. దొంతర వెనక నీళ్ళ బాటిల్ ఒకటి, మూతికి గుడ్డ కట్టి వడబోసిన వాగు నీళ్ళు. ఈడనే ఉంది అని ఆమె అన్నది నిజం. నేను మాట పూర్తి కానివ్వలేదు.

పట్టాలు కట్టాను, కొత్త గుడ్డ చుట్టాను, ఆ బాటిల్ నీళ్ళు పోశాను. తడి బల్బు మెల్లగా ఇరవై రెండున్నరకు దిగింది. ఆ పాదరసం దిగుతుంటే నా ముఖం మీదికి రక్తం ఎక్కింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

సాయంత్రం ఎండ తగ్గకముందే గూడేనికి నడిచి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు చాప మీద కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచింది, పీట తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"తప్పయిపోయింది" అన్నాను. "గుడ్డ దొరికింది. నువ్వు చెప్పిందే నిజం. సారు వచ్చి చూశాడు."

ఆమె "పురుగులు బతికినయా?" అని అడిగింది.

"సగం."

"అయ్యో" అంది. ఆ అయ్యో నా కోసం కాదు. పురుగుల కోసం.

"రా" అన్నాను. "నాకు ఒక్కదానికి చేతకావట్లేదు."

ఆమె చాప మీది గింజలు ఒక పక్కకు ఊడ్చింది. "రేపు వస్త అక్కా. ఒకటే మాట. నేను లోపల ఉన్నప్పుడు నువ్వు గూడ ఉండాలె."

"ఎందుకు? నాకిప్పుడు నీ మీద ఏ అనుమానమూ లేదు."

"ఇప్పుడు లేదు" అంది ఆమె. "రేపు ఏదన్న కనపడకపోతె?"

అప్పుడు పీట మీద కూర్చున్నాను. నా సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలిసిపోయింది.

బతికిన సగం పురుగులు, గూళ్ళు కట్టుకోవడానికి పెట్టే వెదురు తట్టలు, చంద్రికలెక్కి గూళ్ళు కట్టాయి. గూళ్ళు పలచగా వచ్చాయి కానీ గూళ్ళే. ఆదివారం మా ఆయన వచ్చి ఒక గూడు తీసుకుని చెవి దగ్గర పెట్టి ఆడించి చూశాడు, లోపల పురుగు ఎండి గలగలమంటోందేమోనని. బాగానే ఉందనుకుంటాను, తిరిగి అక్కడే పెట్టాడు.

"ఆమె ఉంటదా?" అన్నాడు.

"ఉంటుంది."

"ఉంటే ఇంకో బ్యాచ్ చూద్దాం. పామాయిల్ మొక్కలు ఇప్పుడే వద్దని చెప్త."

ఆ విధంగా షెడ్డు నాకు మిగిలింది. ఇప్పుడు నాలుగో బ్యాచ్ నడుస్తోంది. సీసాలో వాగు నీళ్ళు పోస్తాం, సోమవారం సోమవారం గుడ్డ మారుస్తాం. మార్చేటప్పుడు ఆమె నన్ను పిలుస్తుంది. "అక్కా, గుడ్డ ఇప్పుతున్న, చూడు" అంటుంది. నేను వచ్చి నిలబడేదాకా ముట్టుకోదు. పొద్దున నేను తోటలో ఉంటే, గుమ్మం బయట కూర్చుని ఉంటుంది, నేను వచ్చాకే కాళ్ళు ట్రేలో ముంచుతుంది. ఇదంతా వద్దమ్మా అని చాలాసార్లు చెప్పాను. "అలవాటైంది అక్కా" అంటుంది, కోపం లేకుండా.

సాయంత్రం వెళ్ళేటప్పుడు కొక్కెం మీది సంచి తీసుకుని నా ముందుకు వస్తుంది. అడగకుండానే దాని మూతి రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుంటుంది. టిఫిన్ డబ్బా, దువ్వెన, ఛార్జర్. నేను తల పక్కకు తిప్పుకుంటాను. తిప్పుకోవాలనే అనుకుంటాను. ఒక్కోరోజు చూస్తాను కూడా.

నేను చూశానో లేదో గమనించి, అప్పుడు సంచి మూసి, "వస్త అక్కా" అని వెళ్ళిపోతుంది.